ఎంగిలిపడని మేళం

"ఇవ్వనంటే ఇవ్వను," అన్నాడు బడే మియా. పొద్దుట్నుంచి ఆ మాట అనటం ఇది మూడోసారి.

ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం కింద ఇనప్పెట్టె. పెట్టెలో రెండు నాదస్వరాలు. తాళంచెవి ఆయన బనీను జేబులో ఉంది. జేబు మీద చెయ్యి ఉంది.

కొడుకు నాసిర్ గడప పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఆరేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నిలబడ్డ తీరు మాత్రం బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా ఉంది.

"రేపు పదీ నలభైకి ముహూర్తం నాన్నా. ఆటోనగర్ సూర్యప్రకాష్ గారి అమ్మాయి పెళ్ళి. మాటిచ్చింది నువ్వే."

"ఇచ్చా. మనిషిని కూడా నేనే చూస్తా. తెనాలి నుంచో చిలకలూరిపేట నుంచో ఎవడో ఒకడు రాకపోడు."

"నేనుండగా పరాయివాణ్ణి పిలుస్తావా?"

"నువ్వుండగానే గదరా మంగళగిరిలో తుమ్ము వినపడింది!"

వంటగదిలో కోడలు ఫౌజియా గరిటె ఆపింది. ఆ తుమ్ము మాట వచ్చిందంటే ఇంట్లో ఎవరికీ నోరు పెగలదు.

తాళి కట్టే వేళ ఏ తుమ్మూ, ఏ ఏడుపూ పెళ్ళివారి చెవిన పడకూడదనే గదా గట్టిమేళం. పురోహితుడు చెయ్యెత్తగానే డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా విరుచుకుపడాలి. అయిదు రోజుల కిందట మంగళగిరిలో పురోహితుడు చెయ్యెత్తాడు. నాసిర్ పెదాల మధ్య నాదస్వరం పీక ఉంది, ఊపిరి లేదు. గుండె చెవుల్లో కొట్టుకుంది. వేళ్ళు చల్లబడ్డాయి. ఇక చచ్చిపోతున్నాననుకుని వాయిద్యం వదిలేసి బయటికి పరుగెత్తాడు. మంగరాజు డోలు ఒక్కటే మిగిలింది. డోలు దెబ్బకీ దెబ్బకీ మధ్య, మగపెళ్ళివారి ముసలాయన ఒకడు పందిరంతా వినపడేట్టు తుమ్మాడు.

తుమ్మినవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

"మావయ్యా, ఒక్క మాట," అంటూ ఫౌజియా చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నెల కిందట మొదటిసారి దడ పుట్టినప్పుడే డాక్టరమ్మ గుండె బాగానే ఉందంది. ఈసీజీ కూడా తీసింది. ఇది ఆందోళనంట. వాయించేవాళ్ళకి, పాడేవాళ్ళకి వస్తానే ఉంటదంట. ఒళ్ళు దారిలో పెట్టుకుంటే చాలావరకు దిగుతదంట. టీలు రెంటికి దించమంది. పొద్దున్నే నడవమంది. వేళకి తిని వేళకి పడుకోమంది. అప్పటికీ తగ్గకపోతే మందు రాస్తానంది. ఇందులో తప్పేముంది మావయ్యా?"

"నడకంట నడక! మేళగాడికి ఊరేగింపులో నడిచేది చాలదా? ఆ డాక్టరు మాట పట్టుకుని నెల్లాళ్ళు ఏటిగట్టున తిరిగాడు. ఏమైంది? ఉన్న ఊపిరి కూడా పోయింది."

"పోయింది ఆమె మాట విని కాదు నాన్నా." నాసిర్ గొంతు లేచింది. "పెళ్ళిరోజు నీ మాట విన్నందుకు. ఆ రోజు నువ్వు చెప్పినట్టే తాళి పడేదాకా ఎంగిలిపడలేదు. ఖాళీ కడుపు మీద టీలు పోశా. పదకొండు."

"పన్నెండు," అని అరుగు మీద నుంచి వినపడింది.

మంగరాజు అక్కడ కూర్చుని డోలు తాళ్ళు బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. బడే మియా మేళంలోనే డోలు నేర్చి, ఆ మేళంలోనే జుట్టు నెరిసినవాడు.

"పన్నెండోది నా చేతిలోది లాక్కుని తాగాడు గురువుగారూ."

"మధ్యలో నీకెందుకురా?"

"నాకెందుకంటారేంటండీ? ఆ పందిట్లో ఒంటరిగా వాయించింది నేను. పెళ్ళాం పుట్టింటికి పోయినోడు తలుపు బాదినట్టు బాదాను."

నాసిర్‌కి నవ్వు రాబోయింది. తండ్రి మొహం చూసి ఆగిపోయాడు.

"మూడు తరాల నుంచి," అన్నాడు బడే మియా ఒక్కో మాటా నొక్కుతూ, "ఈ ఇంట్లో మేళగాడు తాళి పడేదాకా ఎంగిలిపడడు. పెళ్ళికొడుకు ఉపవాసం ఉంటే మనమూ ఉపవాసమే. అది మన మర్యాద. ముప్పై రోజులు రోజా ఉండే ఇంట్లో పుట్టి, ఒక్కపూట ఆగలేవురా నువ్వు?"

"రోజాలో టీలు తాగం గదా నాన్నా."

మంగరాజు డోలు మీదికి వంగి మొహం దాచుకున్నాడు.

బడే మియా కొడుకుని చాలాసేపు చూశాడు. ఆ చూపు కింద ముప్పై ఏళ్ళు స్వరాలు నేర్చినవాడు నాసిర్. తప్పు వేలు పడితే ఆయన తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు, అలాగే చూసేవాడు.

"ఇచ్చెయ్యండి," అంది నాసిర్ తల్లి జమాల్ బీ.

ఆమె గది మూల కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. తల ఎత్తలేదు. పొద్దుట్నుంచి ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అదే. ముసలాయన ఆమె వైపు తిరిగాడు. వాళ్ళిద్దరి మధ్యా ఏం నడిచిందో నాసిర్‌కి అర్థం కాలేదు. తండ్రే ముందు చూపు తిప్పుకున్నాడు. అలా తిప్పుకోవటం అతను ఎప్పుడూ చూడలేదు.

బనీను జేబులోంచి తాళంచెవి తీసి మంచం మీద పెట్టాడు. చేతికివ్వలేదు.

"నేనూ వస్తా. నీ పక్కన రెండో నాదస్వరం నాది. నువ్వు లేచావా, అక్కడే నేనందుకుంటా. ఆ తర్వాత ఈ ఇంట్లో వాయిద్యం ముట్టకూడదు నువ్వు. ఆటోనగర్లో బోల్టులు బిగించుకుని బతుకు."

"ఒప్పుకున్నా."

"తాళి పడేదాకా ఎంగిలిపడకూడదు."

"అది ఒప్పుకోను నాన్నా."

ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాళంచెవి మంచం మీదే ఉంది. చాలాసేపు దాన్ని ఎవరూ తియ్యలేదు.

* * *

తెల్లవారేసరికి నాసిర్ భవానీపురం ఏటిగట్టు మీద ఉన్నాడు.

తొమ్మిదిన్నరకే పడుకున్నాడు. పడుకున్నాడన్న మాటే గానీ కంటి మీద కునుకు నిలవలేదు. అయినా లేచి వచ్చాడు. నడక మొదలెట్టి ఇవాళ్టికి ఇరవై తొమ్మిదో రోజు. నిద్రపట్టని మర్నాడు కూడా నడక మానొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

జ్యేష్ఠం ఎండకి ఏట్లో ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. గాలి లేదు. మెదడు మాత్రం ఆగటం లేదు. ఇవాళ కూడా పీక పలక్కపోతే? మళ్ళీ ఎవడో తుమ్మితే? తండ్రి వాయిద్యం లాక్కుంటే పిల్లలకేం చెప్పాలి?

"భయాన్ని పొమ్మని తరమకు నాయనా, తరిమితే కరుస్తది," అంది డాక్టరమ్మ మొదటి రోజున. "వచ్చినప్పుడు రానీ. నువ్వు ఊపిరి మాత్రం లోపలికి తీసినదానికంటే నిదానంగా బయటికి వదులు."

నాదస్వరం వాయించేవాడికి ఊపిరి వదలటం నేర్పుతోందీమె అని ఆ రోజు లోపల్లోపల నవ్వుకున్నాడు. నెల తిరిగేసరికి నవ్వు పోయింది. ముప్పై ఏళ్ళుగా అతను ఊపిరంతా వాయిద్యానికే వదిలాడు. తన కోసం ఒక్కసారి కూడా వదిలి ఎరగడు.

ఇంటికి వచ్చేసరికి తల్లి ఒక్కతే అరుగు మీద ఉంది.

"నువ్వు తిని వెళ్ళు," అంది జమాల్ బీ.

"ఇప్పుడొద్దమ్మా. అక్కడే తింటా. ఇక్కడ తింటే నాన్న మళ్ళీ మూడు తరాలంటాడు."

"ఏ మూడు తరాలు?" ఆమె గొంతు తగ్గించింది. "మీ తాత పెళ్ళివారు ఉప్మా పెట్టందే పీక కడిగేవాడు కాదు. రెండోసారి కూడా అడిగి పెట్టించుకునేవాడు."

నాసిర్ మెట్టు మీదే ఆగిపోయాడు. "మరి ఈ ఉపవాసం?"

జమాల్ బీ తలుపు వంక చూసింది. లోపల బడే మియా దగ్గు వినపడుతోంది.

"పెళ్ళైన కొత్తలో మీ నాన్న చొక్కాలు ఉతికింది నేను," అంది. "ముహూర్తం ముందు తిన్నదంతా పందిరి వెనకాల... ప్రతి పెళ్ళికీ అంతే. రెండేళ్ళు చూశాడు. ఆ తర్వాత తినటమే మానేశాడు. ఎవరో ఎందుకు తినవని అడిగితే మా ఇంటి మర్యాద అన్నాడు. అదే నిలిచిపోయింది."

"నాన్నకి భయమా?"

"ఆ మాట ఆయన ముందు అన్నావో, నేనింక ఈ ఇంట్లో ఉండను." ఆమె లేచింది. "నీకు పిల్లలున్నారు గనక చెప్పా. ఇంకెందుకూ కాదు."

* * *

పటమటలో ఫంక్షన్ హాలు. పెళ్ళికూతురి తండ్రి సూర్యప్రకాష్ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళకి దణ్ణాలు పెడుతున్నాడు. లారీ స్పేర్‌పార్టుల వ్యాపారి, నడుముకి సెల్‌ఫోను, భుజాన పట్టు కండువా. బడే మియాని చూసి ఎదురొచ్చాడు.

"పెద్దాయన మీరే వచ్చారా! మా పెళ్ళికి వాయించింది మీరేనండీ. మర్చిపోయారేమో."

"మర్చిపోతానా బాబూ. మల్లెపందిరి కూలింది ఆ రోజు."

"అదేనండీ, అదే! ఎవరికీ వినపడలేదు మీ మేళానికి!"

బడే మియా మీసం కింద కొంచెం నవ్వాడు. ఆ నవ్వు నాసిర్‌కి ముల్లులా గుచ్చుకుంది. ఇవాళ తను మధ్యలో లేచి వెళ్తే పోయేది తన పేరు ఒక్కటే కాదు.

టిఫిన్ల పంక్తిలో నాసిర్ కూర్చున్నాడు. ఆకులో నాలుగు ఇడ్లీలు పడ్డాయి. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో టీ గ్లాసు.

"పెద్దాయనా, మీకూ వెయ్యమంటారా?" అన్నాడు వడ్డించేవాడు.

"తాళి పడ్డాక." కొడుకు వైపు గడ్డం ఎగరేశాడు. "వాడికి వెయ్యి. వాయించటానికి కాదు, పెళ్ళికొచ్చిన చుట్టం వాడు."

చుట్టూ తింటున్నవాళ్ళు నవ్వారు. నాసిర్ చెవులు కాలాయి. చొక్కాల మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది పడితే ఈ ముసలాయన ఇక్కడే కూలిపోతాడు. ఇడ్లీతో పాటు దాన్నీ మింగేశాడు.

మంగరాజు పక్క ఆకులోంచి వంగి, "చట్నీ బాగుంది, ఇంకొంచెం వేయించుకో," అన్నాడు. ఆ తర్వాత గుసగుసగా, "గురువుగారు ఆరో టీలో ఉన్నారు. చూస్తున్నావా?"

నాసిర్ చూస్తున్నాడు.

జీలకర్ర బెల్లం వేళకి బాగానే వాయించారు. ఇద్దరి నాదస్వరాలూ ఒకదాని వెనక ఒకటి నడిచాయి. ముసలాయన ఊపిరి ఇదివరకంత లేదు గానీ వేలు మాత్రం పాతదే.

ఆ తర్వాత మంగళసూత్రాలు కొబ్బరిబోండం మీద పెట్టి, పెద్దలందరి చేతా తాకించటానికి పళ్ళెం హాల్లోకి పంపారు.

నాసిర్‌కి కష్టమంతా ఇక్కడే. గట్టిమేళం కష్టం కాదు, దాని కోసం కనిపెట్టుకుని కూర్చోవటమే కష్టం. పళ్ళెం మొదటి వరసలో ఉంది. ఒక ముసలమ్మ తాకి కళ్ళకద్దుకుంది. రెండో వరస. ఎవరో పక్కవాళ్ళతో కబుర్లలో పడి పళ్ళెం ఆపేశారు. అరికాళ్ళలో చెమట మొదలైంది. మూడో వరస. గుండె ఒక్క గెంతు గెంతింది.

వచ్చింది. అనుకున్నట్టే వచ్చింది.

తరమలేదు. రెండు అరికాళ్ళూ తివాచీకి ఆనించాడు. ఊపిరి వదిలాడు, మెల్లగా, అడుగంటేదాకా. గుండె కొట్టుకుంటూనే ఉంది. ఉండనీ. కడుపులో నాలుగు ఇడ్లీలు ఉన్నాయి, చేతులు వెచ్చగానే ఉన్నాయి. మళ్ళీ వదిలాడు. పళ్ళెం వేదిక ఎక్కింది. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. నాసిర్ పీక తడిపి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

పురోహితుడు చెయ్యెత్తాడు.

నాసిర్ ఊదాడు.

మంగరాజు డోలు ఆ ఊపిరి మీదికి దూకింది. హాలు కప్పు అదిరింది. పెళ్ళికొడుకు వేళ్ళు పెళ్ళికూతురి మెడ వెనక కదులుతున్నాయి. ఒక ముడి. రెండు. మూడు. ఎవరు తుమ్మారో, ఎవరు ఏడ్చారో, ఏ చెవికీ చేరలేదు.

అప్పుడు నాసిర్‌కి అనుమానం వచ్చింది. మోగుతున్నది ఒక్క నాదస్వరమే.

కళ్ళు తిప్పి చూశాడు. తండ్రి బుగ్గలు ఉబ్బలేదు. వేళ్ళు రంధ్రాల మీద ఆడుతున్నాయి, ఊపిరి లేదు. నుదుటి మీద చెమట గింజలు. రంగు తిరిగిపోయిన మొహం.

ఆ మొహం నాసిర్‌కి తెలుసు. మంగళగిరిలో అది తనది.

తలంబ్రాలు మొదలయ్యాయి. అక్షింతలు, కేకలు, నవ్వులు. ఆ సందడిలో బడే మియా నాదస్వరాన్ని తివాచీ మీద పెట్టేసి లేచాడు. వాయిద్యం కింద పెడితే కొడుకుని ఆ చూపుతోనే కాల్చేసే మనిషి. గోడ పట్టుకుని వెనక తలుపు వైపు నడిచాడు.

నాసిర్ ఇంకో రెండు తాళావర్తాలు వాయించాడు. కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. ముసలాయన తిరిగి రాలేదు.

లేవకూడదు. లేస్తే ఏమవుతుందో తండ్రే చెప్పాడు.

నాదస్వరం ఒడిలోంచి తీసి మంగరాజు పక్కన పెట్టాడు. "బాబాయ్, కాసేపు లాక్కురా."

"మళ్ళీనా?" మంగరాజు కళ్ళు పెద్దవయ్యాయి. తర్వాత పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు. "పో పో. నేను చూసుకుంటా."

* * *

వంటపొయ్యిల వెనక, ప్రహరీ గోడకి తల ఆనించి వంగి ఉన్నాడు బడే మియా. వట్టి టీ, పైత్యం తప్ప ఏమీ పడటం లేదు. ఒళ్ళంతా కుదుపు. నాసిర్ వెళ్ళి నుదురు పట్టుకున్నాడు. ముసలాయన విదిలించుకోబోయి, చేతగాక ఊరుకున్నాడు.

కొంతసేపటికి కుదుపు తగ్గింది. నాసిర్ చెంబుతో నీళ్ళు పోశాడు.

"మీ అమ్మ చెప్పిందా?" అన్నాడు ముసలాయన గోడతో మాట్లాడుతున్నట్టు.

నాసిర్ చెంబు మళ్ళీ వంచాడు.

"పొద్దున ఆకు ముందు అంత మాటన్నాను. అప్పటికే తెలుసా నీకు?"

"నోరు కడుక్కో నాన్నా."

లోపలి నుంచి డోలు ఒక్కటే వినపడుతోంది. దాన్ని మించి వెనక తలుపు ధడాలున తెరుచుకుంది. సూర్యప్రకాష్. కండువా జారిపోతోంది.

"ఏంటండీ ఇది? తలంబ్రాలు పోసుకుంటున్నారు, సన్నాయి లేదు! మగపెళ్ళివారు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఏమైంది?"

బడే మియా అప్పటికే నిటారుగా నిలబడ్డాడు. గడ్డం తుడుచుకున్నాడు. చూపు చెంబు మీద ఉంది.

"నాకే బాగాలేదండీ," అన్నాడు నాసిర్. "కళ్ళు తిరిగాయి. నాన్న నన్ను బయటికి తీసుకొచ్చాడు."

చెంబు మీది చూపు కదల్లేదు.

సూర్యప్రకాష్ నాసిర్‌ని కిందినుంచి పైదాకా చూశాడు. "మంగళగిరి సంగతి మొన్నే ఎవరో చెప్పారు. నేను నమ్మలేదయ్యా. బడే మియా గారి కొడుకు అట్లా లేచి పరుగెత్తుతాడా అన్నాను. బాగాలేనివాడివి ఎందుకొచ్చావు? నా కూతురి పెళ్ళే దొరికిందా నీకు?"

"తప్పయిందండీ."

"సాయంత్రం ఊరేగింపుకి ఇంకెవర్నయినా చూసుకుంటాం. శ్రావణంలో మా తమ్ముడి కూతురిది ఉంది, దానికీ నువ్వు రావద్దు. అంతెందుకు, ఆటోనగర్లో ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే. పెద్దాయన్ని చూసి ఊరుకుంటున్నా, లేకపోతేనా..."

నాసిర్ తల వంచుకున్నాడు. తండ్రి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

పొయ్యి దగ్గర వంటవాళ్ళు గరిటెలు ఆపి వింటున్నారు. ఇవాళ సాయంత్రానికి ఈ మాట పటమట దాటుతుంది. రేపటికి వన్‌టౌన్ చేరుతుంది. నెల్లాళ్ళ నడక, మానుకున్న టీలు, ఇందాకటి మూడు ముళ్ళు, అన్నీ ఆ గరిటెల ముందు మట్టిలో కలిసిపోతున్నాయి. అతని గుండె మాత్రం చిత్రంగా నిదానంగా కొట్టుకుంటోంది.

సూర్యప్రకాష్ విసురుగా వెనక్కి తిరిగాడు.

తిరిగినవాడు అడుగు వెయ్యలేకపోయాడు. పట్టు కండువా కొస బడే మియా పిడికిట్లో ఉంది.

"ఏంటి పెద్దాయనా?"

ముసలాయన పెదాలు కదిలాయి. "వాడికి కాదు బాబూ, బాగాలేనిది..." పిడికిలి విడవటం లేదు.